బెజవాడకు మోసుకెళ్ళిన కృష్ణ నీళ్ళు

మొన్న మా చేని గట్టు దాకా జూరాల కాలువ నీళ్ళొచ్చాయని మనుమడు నన్ను బండెక్కించుకుని తీసుకెళ్ళి చూపించాడు. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టగానే నాకు ముందు గుర్తొచ్చింది దేవుడు కాదు, నా కడుపుమంటకు కారణమైన మా అక్క, అంటే మా పెదనాన్న కూతురు.

గద్వాల దగ్గరి మెట్ట పల్లె మాది. కృష్ణ మా పక్క నుంచే పోయేది గానీ ఎక్కడో లోతున పారేది. ఎండాకాలమంతా మేము దిగుడుబావి మెట్ల మీద బిందెలతో కొట్లాడుకునేవాళ్ళం. బిందె మోసిన మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు. అట్లాంటి ఇంటి నుంచి అక్క బెజవాడ కోడలైంది. నిజాం కాలం ఇంకా నడుస్తున్న ఆ రోజుల్లో అక్కకు మూడో కాన్పు అత్తగారింట్లోనే అయింది. మా ఇంటి ఆడపిల్లకు బిడ్డ పుడితే కృష్ణ ఒడ్డున బీచుపల్లి రేవు నీళ్ళతోనే తల తడపాలన్నది మా ఆనవాయితీ. అది తప్పకూడదని నాయనమ్మ రాగి చెంబు నిండా నీళ్ళు ముంచి, మూతికి గుడ్డ కట్టి, నా ఒళ్ళో పెట్టి నాయన వెంట పంపింది. ద్రోణాచలంలో రైలుబండి మారేటప్పుడు తోపులాటలో నాయన చెయ్యి వదిలాను గానీ చెంబును మాత్రం వదలలేదు.

తీరా బెజవాడలో దిగి చూస్తే ఊరి నిండా కాలువలే. బస్తాల పడవలను గట్టు మీద మనుషులు తాళ్ళతో లాగుతున్నారు. అక్క వాళ్ళ మెట్లు దిగితే చాలు, కాలువ. ఆ నీళ్ళతోనే పాలేరు తీరిగ్గా గేదెలను కడుగుతున్నాడు. మా చేలను తడపకుండా దాటిపోయిన నది ఇక్కడ ఇంటింటి ముందూ నిలబడడం చూసి నేను ఓర్వలేకపోయాను. అక్క పాదాలు నున్నగా ఉన్నాయి, నావేమో పగుళ్ళు. ఏడుపొచ్చింది.

అక్క అత్తగారు చెంబు చూసి పకపకా నవ్వింది.

"వాకిట్లో కృష్ణ పారుతుంటే మళ్ళీ కృష్ణనే మోసుకొచ్చారా?"

నాయన తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండి, కాలువలో పారబోద్దామని చెంబు పట్టుకుని లేచాను. పురిటి మంచం మీది నుంచే అక్క చెయ్యి చాపింది.

"జర ఆగే చెల్లె! గవి నాయనమ్మ ముంచిన నీళ్ళు. ఇటియ్యి."

ముందు తానే ఒక గుక్క తాగి కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాతే బిడ్డ తల తడిపించింది. "నీకేందే, ఎప్పుడూ అమ్మోళ్ళ దగ్గర్నే ఉంటవు" అని నన్ను చూసి కుళ్ళుకుంది కూడా. ఇంత కాలువ పెట్టుకుని నన్ను చూసి కుళ్ళుకోవడమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

అక్క పుట్టింటికి వచ్చినప్పుడల్లా, మాకూ కాలువ వస్తది, నీ కండ్లు మండుతయి చూడు అని ఉడికించేదాన్ని. ఇప్పుడు వచ్చింది. మనుమడు మోటారు వేసి ఫోను చూసుకుంటున్నాడు, వాడికి ఈ నీళ్ళు వింతేమీ కాదు. గట్టు మీద నా పక్కన కూర్చుని, నన్ను చూసి కుళ్ళుకోవడానికి అక్క లేదు.