అంగడి మీదే!

ఒక్క మాటతో నిండు అంగడిని ఖాళీ చేయించిన మొనగాణ్ణి నేను. దొంగలకు కూడా అంత తొందరగా చేతకాదు.

మా ఆళ్లగడ్డ పాత బజారులో సగం అంగళ్లు మూతపడ్డాయి. చీర కావాలన్నా, చీపురు కావాలన్నా జనం నంద్యాల బస్సెక్కేవారు. అప్పుడు రిటైరైన రాహేలమ్మ టీచరు వీధివాళ్లను పోగేసి, తలా కొంత వేయించి, మూతపడిన కిరాణా అంగడిని అందరి పేరా కొనిపించింది. ప్రారంభం రోజు ఆటోలో మైకు పట్టుకుని ఊరికి చెప్పే పని నాకిచ్చారు. అసలే నాకు గొంతు ఎక్కువ, ఆలోచన తక్కువ.

"అప్పా, అమ్మా! ఈ అంగడి ఎవురిదో కాదు, మీదే! వచ్చి మీ సరుకు మీరు తీస్కపోండి!"

కొనుక్కొని తీసుకుపోండని నా ఉద్దేశం. ఆ 'కొనుక్కొని' మాత్రం గొంతు దాటలేదు.

ఊరంతా తిరిగొచ్చేసరికి అంగట్లో అరలు గుండు కొట్టించుకున్న తలల్లా మెరుస్తున్నాయి. టైలరు ఓబులేసన్న ఆఖరి బెల్లం దిమ్మె చంకన పెట్టుకుని బయటికొస్తున్నాడు.

"అన్నా, యాడికి ఎత్తకపోతాండావ్?"

"ఇంటికి. నువ్వే కదప్పా తీస్కపొమ్మంటివి?"

"నేను కొనమన్నా!"

"యాడన్నావ్? ఊరంతా ఇన్న్యారు."

మెట్ల మీద కూలబడిన టీచరు తలెత్తింది. "ఏందిరా మద్దిలేటీ, ఇట్ల చేస్తివి?"

భూమిలోకి దిగిపోదామనిపించింది. సిమెంటు రోడ్డు కావడంతో కుదరలేదు. మళ్లీ ఆటోలో తిరిగి, పొరపాటైందని బతిమాలాను. ఒక్కరూ సరుకు వెనక్కి తేలేదు.

సాయంత్రానికి ఓబులేసన్న వచ్చాడు. బెల్లం దిమ్మె అరలో పెట్టి, వెనక్కెళ్లి తన కుట్టు మిషను కూడా మోసుకొచ్చాడు. ఆయన వెనక ఎదురింటి హుసేనమ్మ, చేతిలో పప్పు సంచి, నెత్తిన ఊరగాయ జాడీ. ఆమె వెనక ఉయ్యాలవాడ రైతు, శనగల మూటతో. ఆ వెనక వీధి చివరి దాకా జనమే! తీసుకుపోయిన సరుకుతో పాటు ప్రతివాళ్లూ తమది ఏదో ఒకటి తెస్తున్నారు. తిరునాళ్లకు కూడా ఆ బజారు అంత నిండగా నేను చూడలేదు.

"ఇదంతా ఏందన్నా?" అన్నాను.

"అంగడి మాదే అంటివి గదప్పా. మా అంగట్లో మా వస్తువు పెట్టుకోవద్దా?"

టీచరు లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంటూ జనాన్ని చూసింది, అంగడిని చూసింది, చివరికి నన్ను చూసింది. "ఈడ చోటు చాల్దు. పక్క అంగడి గూడా తెరవాల్సిందే. ఒరేయ్, ఇంగోసారి మైకులో తప్పు చెప్పిపో!"

ఆ క్షణమే ఆటో మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ మైకు ముట్టను. పెళ్లిలో భోజనాలకు పిలవమన్నా సరే, చెయ్యూపే పిలుస్తాను.