ఇటుకల మీద కారు

దేవానందం చేతులు ఊరుకోవు. భోజనానికి కూర్చుంటే కంచం అంచును బొటనవేలితో రుద్దుతాడు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే ముందు బెంచీ చెక్కను రుద్దుతాడు. "గీ మనిషి చేతికి గుడ్డ ఇయ్యకుండ్రి, గోడ గూడ అరుగుతది," అని అతని భార్య పోచమ్మ నాతో ఎన్నిసార్లో అంది.

ఎల్బీ నగర్ నుంచి కర్మన్‌ఘాట్ పోయే దారిలో మా కొట్లు పక్కపక్కనే ఉండేవి. నేను కార్లకు సీటు కవర్లు కుట్టేవాణ్ణి, అతను అల్యూమినియం చక్రాలకు చేత్తో పాలిష్ పెట్టేవాడు. మిషన్ కొనుక్కోవచ్చు కదా అని పోరితే, "మిషన్‌కు తొందరెక్కువ, మూలలు ఇడిశిపెడ్తది," అనేవాడు. ఈయనకేదో నిదానం ఉన్నట్టు! టైరు విప్పించి, చక్రం మీది పాత పూత తీసి, నీళ్లు చల్లుతూ ముందు గరుకు కాగితంతో, తర్వాత నున్న కాగితంతో రుద్దేవాడు. ఆపైన నూలు చీర ముక్కకు పాలిష్ ముద్ద రాసుకుని మళ్లీ రుద్దుడు. గుడ్డకు నల్లటి మసి అంటుతున్నంతసేపూ ఆపడు. చివరికి ఆ చక్రంలో చూసుకుని మీసం దువ్వుకుంటాడు. వెంట్రుకలు విడివిడిగా కనబడితేనే పని అయినట్టు.

తెలంగాణ కోసం బస్సులూ ఆఫీసులూ ఆగిపోయిన సమ్మె రోజులవి. ఊరేగింపు వస్తే దేవానందం గుడ్డ పారేసి వెళ్లి, గొంతు చించుకుని నినాదాలిచ్చి, అంతే వేగంగా వచ్చి మళ్లీ రుద్దేవాడు. నల్గొండ దగ్గర నీళ్లు లేని చేను వదిలి వచ్చిన మనిషి. తెలంగాణ అతనికి మాట వరసకు కాదు, లోపల మంట.

మన్సూరాబాద్‌లో ఉండే గంగాధరరావుది గుంటూరు. తన కారు చక్రాలు నాలుగూ అద్దంలా చేయమని బండి వదిలి వెళ్లాడు. దేవానందం చక్రాలు విప్పి కారును ఇటుకల మీద నిలబెట్టాడు. టైర్లేమో టైర్ల కొట్టులో ఉన్నాయి. తెల్లవారేసరికి బంద్ అన్నారు, టైర్ల కొట్టుకు తాళం పడింది. కారు రోడ్డు పక్కన కదల్లేక కూర్చుంది. నంబరు చూస్తే అది గుంటూరు బండని ఎవరికైనా తెలుస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరి కారు అద్దాలో పగిలాయని కబురొచ్చింది. ఇక చూడాలి దేవానందాన్ని. కాలు కాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగాడు. టార్పాలిన్ కప్పాడు. కప్పితే అనుమానం వస్తుందని మళ్లీ తీశాడు.

"ఏం గాదు తియ్యే, ఒచ్చేటోళ్లు మనోళ్లే గద," అన్నాను.

"మనోళ్లే గాబట్టే పరేషాన్. సారు నన్ను నమ్మి గీ బండి ఇడిశిపోయిండు. మనోళ్లే పలగ్గొడితే నేనెవలను తిట్టుకోవాలె?"

ఊరేగింపు రానే వచ్చింది. ముందు పోచమ్మ తమ్ముడు సుమన్ ఉన్నాడు. చేతిలో రంగు డబ్బా, దారిలో కనబడిన బండి నంబరు ప్లేటు మీదల్లా ఏపీ చెరిపి టీజీ అని రాస్తున్నాడు. అతని వెనక కర్ర పట్టుకున్నవాడొకడు కారు దగ్గర ఆగాడు.

"గీ గుంటూరు బండి ఎవలది?"

"నాది," అన్నాడు దేవానందం.

"నీదా? నీకు సైకిలు గూడ లేదు గదనే!"

అందరూ నవ్వారు. గుంపు నవ్వు ఎటు తిరుగుతుందో చెప్పలేం. సుమన్ బావ మొహంలోకి ఒకసారి చూశాడు.

"మా బావదేరా, మొన్ననే కొన్నడు," అని వంగి, ప్లేట్ల మీద ముందూ వెనకా టీజీ అని రాసేశాడు. గుంటూరును కూడా తెలంగాణలో కలిపేశాడు పుణ్యాత్ముడు! జనం జై తెలంగాణ అంటూ సాగిపోయారు. ఎప్పుడూ గొంతు కలిపే దేవానందం వంగి, కారు కింద ఇటుకలు కదిలాయేమో చూసుకున్నాడు.

సాయంత్రం టైర్ల కొట్టు తెరిచారు. చక్రాలు బిగించేసరికి గంగాధరరావు ఆటోలో దిగి, ప్లేటు చూసి నిలబడిపోయాడు. దేవానందం జరిగిందంతా చెప్పి, కిరసనాయిలుతో తడిపిన గుడ్డ అందుకున్నాడు. అందుకున్నాడే గానీ చెయ్యి కదల్లేదు. ఆ రెండక్షరాల వంకే చూస్తున్నాడు.

"తుడుస్త సార్."

"వద్దు వద్దు, ఉండనివ్వండి," అన్నాడు గంగాధరరావు.

దేవానందం మొహం వెలిగిపోయింది.

"ఇదుంటే మా జోలికి ఎవరూ రారు కదండీ. పిల్లలు బయటికి రావడానికే భయపడుతున్నారు."

ఆ వెలుగు అక్కడే ఆరిపోయింది. ఎన్నాళ్లుగానో అతను కలగన్న పేరు ఆ పెద్దమనిషికి దిష్టిబొమ్మగా పనికొస్తోంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆయన పిల్లల్ని తలుచుకుంటే ఆ కోపమూ నిలవలేదు.

"భయానికైతే ఒద్దు సార్," అని దేవానందం వంగి రుద్దడం మొదలుపెట్టాడు. తన చేతులతో తనే, ఒక్క మరక లేకుండా తుడిచేశాడు.

"మరి నేనిప్పుడు ఇంటికెలా వెళ్లాలయ్యా?" అన్నాడు గంగాధరరావు, నీరసంగా.

దేవానందం గుడ్డ నా చేతిలో పెట్టి, కారు తలుపు తీసి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. కిటికీ అద్దం పూర్తిగా దించాడు.

"పోనియ్యుండ్రి సార్. గీ రోడ్డుల నన్ను ఎరగనోడు లేడు. ఇంటి దాక నేనొస్త."