ఎండలో పెట్టిన బోగీలు

మా మాస్టారు పోయారు. ఆ కబురు చెప్పడానికి ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను గుంటూరు బ్రాడీపేటలో మా రంగుల కొట్టు తీస్తున్నాను. “నిద్రలోనే వెళ్ళిపోయారమ్మాయ్,” అని, “ఆ ఇంజన్‌కి రంగే వెయ్యలేదు,” అన్నారు పిన్నిగారు. ఏడుపుకంటే ముందు నాకు కంగారే వచ్చింది. ఇక ఆ రంగు వెయ్యాల్సింది నేనే.

మాస్టారు హైస్కూల్లో నాకు భూగోళం చెప్పారు. రిటైరయ్యాక చెక్కతో బొమ్మ రైలు మొదలుపెట్టారు. మన రైలు కాదు, డెబ్బై ఏళ్ళ కిందటి అమెరికా రైలు. అక్కడ చికాగో నుంచి పడమటి సముద్రం దాకా వెళ్ళే ప్రయాణికుల బండిని రెండు మూడు కంపెనీలు కలిసి నడిపేవట. ఒకళ్ళ ఇంజన్ ఇంకొకళ్ళ పట్టాలెక్కేది. బండంతా ఒక్కలా కనపడాలని ఒక కంపెనీ తన పాత రంగు మానుకుని పక్క కంపెనీ పసుపు వేసుకుందట. “సొంత రంగు వదులుకోవడం మాటలా అమ్మాయ్?” అనేవారు, ఆ కంపెనీ ఆయన మేనమామదైనట్టు.

ఆయన రైలుకూ ఇద్దరు యజమానులు. ఇంజన్ గుంటూరులో మాస్టారిది. బోగీలు కనిగిరిలో కుట్టుమిషన్లు బాగుచేసే సాయిబుగారివి. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. ఆ పసుపు రంగు మా కొట్లోనే కలిపించారు. రంగులు కలిపే మిషన్ మీద మాస్టారికి నమ్మకం లేదు కనుక చేత్తోనే కలిపాను. చెక్కముక్కకు పూయించి, రంపంతో రెండుగా కోసి, చెరొకటి తీసుకున్నారు. ఎవరు ఎప్పుడు రంగేసినా ఆ ముక్కకు సరిపోవాలి, అదీ ఒప్పందం. సాయిబుగారు వెంటనే బోగీలకు వేసేశారు. మాస్టారి ఇంజనే ఓ పట్టాన తెమల్లేదు. డబ్బాలో మిగిలిన రంగు ఎండిపోయింది.

తరచూ తన ముక్క పట్టుకుని మా కొట్టుకి వచ్చేవారు. కొత్తగా కలిపిన పసుపు చూపిస్తే, “ట్యూబులైటు కింద రంగును నమ్మకు,” అంటూ నన్ను వీధిలోకి లాక్కెళ్ళేవారు.

“ముదురైందంటావా?”

“లేదండి.”

“అయితే లేతైందంటావా?”

ఆ ఆదుర్దా నాకూ అంటుకుంది. ఆయన దగ్గర నేర్చుకున్న భూగోళం మర్చిపోయాను గానీ, ఇది మాత్రం పోలేదు.

పెద్దకర్మకు సాయిబుగారు బోగీలు తెస్తానన్నారు. కిటికీకి వేలాడుతున్న మాస్టారి ముక్క తీసి పిన్నిగారు నా చేతిలో పెట్టారు. బోగీల ఫొటో తెప్పించుకుంటే నా ఫోన్లో ఒక పసుపు, మా ఆయన ఫోన్లో ఇంకో పసుపు. ఇక ముక్కనే నమ్ముకున్నాను. కలిపిందే కలిపాను. అన్నం సహించలేదు. చివరికి ఇంజన్‌కి వేసి ఎండలో పెట్టి చూస్తే దానికీ ముక్కకీ తేడా తెలియలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ రోజు భోజనాలయ్యాక సాయిబుగారు గుడ్డలో చుట్టిన బోగీలు విప్పారు. బోగీలు నిగనిగలాడుతున్నాయి. వాటి ముందు నా ఇంజన్ జ్వరం పడి లేచినట్టుంది.

“మళ్ళీ వేస్తానండి,” అన్నాను.

ఆయన జేబులోంచి తన ముక్క తీసి మాస్టారి ముక్క పక్కన పెట్టారు. కోత కలిసింది. రంగు కలవలేదు.

“ఇది ఎక్కడుండేది చెల్లెమ్మా?”

పిన్నిగారు కిటికీ చూపించారు. “రోజూ పొద్దున్నే దాన్ని చూస్తా కాఫీ తాగేవారన్నయ్యగారూ. ‘వాడి బోగీలు ఎట్టా ఉన్నాయో’ అనేవారు.”

గుంటూరు ఎండ సంగతి రంగుల కొట్టుదాన్ని, నాకు తట్టొద్దూ! రోజూ చూసే ముక్క కనుక వెలిసిపోతున్న సంగతి మాస్టారికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

“నేను ఇవన్నీ ట్రంకుపెట్టెలో దాచా, రంగు పోద్దని,” అన్నారు సాయిబుగారు, కండువాతో మొహం తుడుచుకుంటూ. నేను ఇంజన్ అందుకోబోతే ఆపారు. “నువ్వేసింది వాడి రంగేనమ్మా. దాన్ని ముట్టుకోబాక.”

ఎండ తగలకుండా ఇంజన్ మీద మాస్టారి తువ్వాలు కప్పారు. బోగీలను మాత్రం వరసగా కిటికీ గట్టు మీద ఎండలో పెట్టారు. “ఇవి ఇక్కడే ఉంటాయి చెల్లెమ్మా. వాడి రంగుకొచ్చినాక వచ్చి కలుపుతా.”

సాయిబుగారిదీ మాస్టారి ఈడే, ఆ బోగీలేమో తొందరగా వెలిసేవి కావు. అందుకే మబ్బు పట్టిందంటే నాకు కాలూ చెయ్యీ ఆడదు. కొట్టు తీసేముందు ఆ వీధిలోంచే వెళ్తాను. పిన్నిగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఒక్కో బోగీనీ రెండోవైపు ఎండకు తిప్పుతూ కనపడతారు.