అమ్మకు చూపించాల్సిన ముఖం

మొటిమలే కదా, వాటితో ఎవరైనా చస్తారా అనేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. వాళ్ళ ముఖం మీద ఒక్కటి కూడా లేచి ఉండదు. ఆదోనిలో పీరా సాబ్ కూతురు నిఖత్‌కు డిగ్రీ రెండో ఏడాదిలో మొదలయ్యాయి. చిన్నాచితకా కావు, చీము పట్టి, తలగడ తగిలినా ప్రాణం లాగేసేంత పెద్దవి. నుదురు, బుగ్గలు, గదమ, ఎక్కడా ఖాళీ ఉంచలేదు. ఇక వీధిలో ప్రతివాళ్ళూ డాక్టర్లే. పక్కింటి ప్రమీల శనగపిండి రాయమంది, ఇంకొకామె నిమ్మరసం పూయమంది, అది రాస్తే ఆ పిల్ల పడిన మంట చెప్పనలవి కాదు. అందరూ కలిసి తేల్చిన మాట మాత్రం ఒకటే, ఒంట్లో వేడి అని.

పీరా సాబ్‌వాళ్ళు దూదేకులవాళ్ళు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. జిన్నింగు మిల్లుల దగ్గర దూది తెచ్చి, ఏకి, పరుపులు కుట్టి అమ్మడం వాళ్ళ పని. ఏకడం పీరా సాబ్‌ది, కుట్టు ఆయన భార్య ఇమాంబీది. తాడు పట్టి గీసినట్టు వచ్చేది ఆమె కుట్టు. కొన్నవాళ్ళు పరుపు తిప్పి చూసి మరీ మెచ్చుకునేవాళ్ళు. ఒక్కగానొక్క కూతురు చదువు అయ్యాక ఎమ్మిగనూరులో చీరల అంగట్లో చేరింది. పొద్దున బస్సుకు పోవడం, చీకటి పడేసరికి రావడం.

ఆ ఉద్యోగంలో చేరినప్పుడే నిఖత్ ముఖానికి నఖాబ్ కట్టింది. పీరా సాబ్ కూతురు ఎంత భక్తిపరురాలో చూడండని వీధంతా ఒకటే పొగడ్త. మసీదు దగ్గర పెద్దమనుషులు తండ్రిని పిలిచి మరీ చెప్పారు. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. దేవుడి కోసం కట్టింది కాదు, మొటిమల కోసం కట్టింది. ఆ సంగతి దేవుడికీ, ఇమాంబీకీ తప్ప ఎవరికీ తెలియదు.

చిన్నప్పటి నుంచి ఇమాంబీకి ఒక అలవాటు. కూతురికి జడ వేసి, ఇటు తిప్పుకుని, గడ్డం పట్టుకుని కాసేపు ఊరికే చూసేది. ఏమీ అనేది కాదు, చూసేది అంతే. నిఖత్ దాన్ని మాన్పించేసింది. తన జడ తనే వేసుకోవడం మొదలుపెట్టింది. అద్దం తీసి బీరువా వెనక పెట్టేసింది. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేది.

"ఓసారి మొగం సూపీ పాపా," అని తల్లి అడిగితే, "బాగైనాక సూద్దువులేమా," అని లేచిపోయేది. మొహం బాగుపడాలి, మళ్ళీ అమ్మ ముందు కూర్చోవాలి. ఆ పిల్లకు ఉన్న కోరిక అదొక్కటే.

ఎమ్మిగనూరుకు వారానికోసారి వచ్చే చర్మం డాక్టరమ్మ దగ్గరికి చివరికి వెళ్ళింది. ఆమె చూసి, పూతలతో పోయేవి కావు, కొన్ని నెలలు లోపలికి మందు వేసుకోవాలని క్యాప్సూళ్ళు రాసింది. అన్నం తిన్నాక, నిండా నీళ్ళు తాగి వేసుకోమంది. వేసుకున్న వెంటనే పడుకోవద్దంది, ఎండలో తిరగొద్దంది, గోళ్ళతో గిల్లొద్దంది. ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కిందనుంచి ఆదోని బస్సు హారను వినపడుతోంది. నిఖత్ తల ఊపుతూనే మెట్లు దిగేసింది.

క్యాప్సూలు పడ్డాక గుండెల్లో మంట మొదలైంది. ఇమాంబీ ఊరుకుంటుందా? "ఇంగ్లీసు మందు యాడైనా వేడేమా. పాలతో ఏసుకో, సలవ సేస్తాది," అని వీధి చివర గేదెలు సాకే హనుమన్న ఇంటి నుంచి ఎనుము పాలు తెప్పించింది. ఆ ఇంట్లో జ్వరం మాత్రైనా, తలనొప్పి మాత్రైనా పాలతోనే దిగాలి, అది ఇమాంబీ అత్తగారి నాటి నుంచి వస్తున్న పద్ధతి. మందుల అంగడివాడు గ్యాస్ బిళ్ళలు కూడా ఇచ్చాడు. ప్రతి రాత్రీ అన్నమయ్యాక క్యాప్సూలు, గ్యాస్ బిళ్ళ, గ్లాసెడు పాలు. తల్లి దగ్గర నిలబడి తాగించి, ఖాళీ గ్లాసు తీసుకుపోయేది.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక పొద్దున నిఖత్ వాకిట్లో ముఖం కడుక్కుని తువ్వాలు కోసం తిరిగేసరికి తల్లి ఎదురుగా నిలబడి ఉంది. తప్పించుకునే వీలు లేకపోయింది. ఇమాంబీ అలాగే చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత ముఖమంతా నవ్వు.

"తగ్గిపోయినాయి పాపా! ఎంత నున్నగైపోయిందో మొగం!"

"నిజంగానా మా?"

"నీమీదొట్టు. నాకు కనపడ్తాంది గదా."

అద్దం వెతకాలని కూడా ఆ పిల్లకు తోచలేదు. అమ్మ చూసిందంటే చాలదా? ఆ రోజు నఖాబ్ మడిచి సంచిలో పెట్టుకుని, బస్సులో కిటికీ పక్కన ముఖానికి గాలి తగిలేలా కూర్చుని పోయింది. ఎన్నాళ్ళయిందో అలా కూర్చుని! దారంతా తనలో తనే నవ్వుకుంది.

అంగట్లో యజమాని భార్య అన్నపూర్ణమ్మ మంచిదే. పిల్ల ముఖాన్ని అన్నాళ్ళలో మొదటిసారి చూసి, ఉన్నమాట అనేసింది. "అయ్యో, ఏందమ్మీ ఇది? ఇన్ని లేసినాయే! డాక్టరుకు సూపిచ్చుకోలేదా?"

చీర కట్టి చూసుకునే నిలువుటద్దం అంగడి మధ్యలోనే ఉంది. ఇన్నాళ్ళూ దానికి వీపు పెట్టి పనిచేసిన నిఖత్ ఆ రోజు తిరిగి చూసింది. ఒక్కటీ తగ్గలేదు. పైగా కొత్తవి లేచాయి.

ఇంటికి వచ్చి ఆమె అన్న మాటలు వీధిలోకి వినపడ్డాయి. "అబద్ధం ఎందుకు సెప్పినావు మా? నలుగుర్లో నన్ను నగుబాటు సేయాలనేనా? కన్నతల్లివేనా నువ్వు?"

ఇమాంబీ కుడుతున్న పరుపు మీద చేతులు అలాగే ఉంచి తెల్లబోయింది. "నాకట్లే కనపడిందే," అంది. కోపంలో ఉన్నవాళ్ళకు చెవులుండవు. నిఖత్ ఆ మాటను వినిపించుకోలేదు. తల్లితో మాట్లాడటం మానేసింది.

ఆ వారంలోనే పత్తి వ్యాపారి మల్లికార్జునయ్య కొత్త పరుపు ఆటోలో వేసి వెనక్కి పంపాడు. కుట్టంతా వంకర్లు పోయిందట. పీరా సాబ్ దాన్ని వాకిట్లో పరిచి, చూస్తూ నిలబడ్డాడు. నిఖత్ ఇంటివైపు తిరిగింది. ఇమాంబీ గడపలో వెలుతురుకు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. తడి చేసి, మెలిపెట్టి, మళ్ళీ మళ్ళీ పోనిస్తోంది. దారం సూదికి తగలడం లేదు. పక్క నుంచి పోతోంది.

నిఖత్‌కు అప్పుడు అర్థమైంది. అమ్మ అబద్ధం చెప్పలేదు. అమ్మకు తన ముఖం నిజంగానే నున్నగా కనపడింది. మసకలో మొటిమలెక్కడివి? అక్కడే గడప మీద కూలబడి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి మా ఇట్లా?"

"దూది నలుసు పడిందనుకుంటి. మనిండ్లల్లో ఇది మామూలే గదా. నీళ్ళు కొట్టుకుంటాండా. అదే పోతాదిలే."

దూది ఏకే ఇళ్ళలో అందరి కళ్ళూ నీరు కారుతూనే ఉంటాయి. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. కర్నూలు కంటి డాక్టరు నలుసు కాదన్నాడు. షుగరు. ఎప్పటి నుంచి ఉందో తెలియదు, ఎవరూ పరీక్ష చేయించలేదు. కళ్ళ లోపల నరాలు చిట్లి రక్తం చేరిందట. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి లేజరు పెడతాం, ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేమన్నాడు.

చర్మం డాక్టరమ్మ ఎమ్మిగనూరుకు వచ్చే రోజు రాగానే నిఖత్ ఆమె ముందు నిలబడింది. "తొందరగా తగ్గాల మేడం. మాయమ్మకు చూపుండగానే తగ్గాల." మందు ఎలా వేసుకుంటున్నావని ఆమె అడిగింది. నిఖత్ చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆ మందు పాలతో, గ్యాస్ బిళ్ళతో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు, ఆ మాట ఆ రోజే చెప్పాను కదా అంది. ఇన్ని నెలలూ మందు చాలావరకు వృథాగా పోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఆ సంగతి నిఖత్ తల్లికి చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఇమాంబీ ఇప్పుడు గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి, పొయ్యి తడుముకుని, పాలు వెచ్చబెట్టి తెచ్చేది. చేతులు కాల్చుకునేది. నిఖత్ గ్లాసు అందుకుని తండ్రి చేతిలో పెట్టేది. పీరా సాబ్ ఏమీ అడగకుండా, చప్పుడు కాకుండా తాగేసేవాడు. నిఖత్ క్యాప్సూలు నీళ్ళతో మింగేది.

ఇప్పుడు మందు పనిచేసింది. గదమ మీదివి ముందు ఎండాయి, తర్వాత బుగ్గలు. నిఖత్ రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఇంకా త్వరగా, ఇంకా త్వరగా అని వేడుకునేది. మొటిమలు వాటి తీరిక కొద్దీ పోతున్నాయి. అమ్మ కన్ను మాత్రం ఆగలేదు. లేజరు పెట్టారు, సూదులు వేశారు. చలికాలం వచ్చేసరికి నిఖత్ ముఖం మీద మచ్చలు తప్ప ఏమీ మిగల్లేదు. ఇమాంబీకి వాకిలి ఎటుందో తెలిపే వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు.

డాక్టరమ్మ మందు ఆపేయమన్న రోజున నిఖత్ తలకు పోసుకుని, దువ్వెన తెచ్చి తల్లి ముందు కూర్చుంది. ఇమాంబీ తడుముతూనే జడ వేసింది, ఎక్కడా వంకర లేదు. తర్వాత కూతురిని ఇటు తిప్పుకుని గడ్డం పట్టుకుంది. ఎదురుగా ఉన్న ఆ కళ్ళను చూడలేక నిఖత్ తన కళ్ళు మూసుకుంది.

"తగ్గిపోయినాయి మా," అంది. "ఒట్టు, ఒక్కటి గూడా లేదు."

 ఇమాంబీ సూది పట్టి పట్టి కాయలు కాచిన వేళ్ళతో నుదురు తడిమింది, బుగ్గలు తడిమింది, గుంటలు పడిన చోటల్లా ఆగి ఆగి పోయింది. చెవి కింద ఒకచోట వేలు నిలిచిపోయింది. ఆవగింజంత మొటిమ, నిన్నో మొన్నో కొత్తగా లేచింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఈడొకటుంది సూడు పాపా," అంది. "ఇది నాకు కనపడింది."

నిఖత్ ఆ వేలిని అక్కడే అదిమి పట్టుకుంది. "అవునుమా, ఉంది," అంది.