షాపుకొస్తే తగ్గే తలనొప్పి

గోదావరిఖనిలో కార్మికుల కాలనీ మొదట్లోనే మా మెడికల్ షాపు. దగ్గుకు, జలుబుకు, కడుపుమంటకు చాలామంది నన్నడిగే మందు తీసుకుంటారు. అడగడమే ఆలస్యం, చెప్పేస్తాను. ఆ చెప్పడంలో నాకు కొంత గర్వం కూడా ఉండేది, దాచడం ఎందుకు.

ఒక చలికాలం, మధ్యాహ్నాల్లో ఒక అక్క తలనొప్పి గోలీలకు రావడం మొదలుపెట్టింది. ఆమె భర్త బొగ్గుబాయిలో సర్దార్. అందరికంటే ముందు లోపలికి వెళ్లి, గ్యాసు ఉందో లేదో చూసి మనుషులను పంపే పని ఆయనది. నైట్ షిఫ్టు చేసి పగలు పడుకునేవాడు.

"నీ షాపుకొచ్చేసరికే సగం తగ్గుతది చెల్లె," అనేది ఆమె. అది నా హస్తవాసి అనుకుని మురిసిపోయాను.

రెండో వారం గొంతు తగ్గించి చెప్పింది. "పట్టపగలే మా అత్త వచ్చి మంచం కాళ్లకాడ కూసుంటున్నది చెల్లె. ఆమె పోయి నాలుగేండ్లాయె. ఆయనకు గూడ కనవడ్డది. ఏమనది. మా దిక్కే చూస్తది."

భయమేస్తే నాకు కోపం వస్తుంది. "నిద్ర చాలక గట్ల అనిపిస్తది, పో అక్కా," అని కసిరి, ఇంకో గోలీల అట్ట ఇచ్చాను.

మూడో వారం వచ్చినప్పుడు ఆమె మాట తడబడుతోంది. "గుగ్గిలం పొగ ఏస్తున్న, పోతలేదు. ఎంత ఏస్తే అంత దగ్గరికొస్తున్నది. పిల్లికి గూడ కనవడ్డట్టుంది, తూలుకుంట పోయి గోడకు కొట్టుకున్నది."

మనిషికైతే నిద్ర చాలలేదనుకోవచ్చు. పిల్లి ఎందుకు తూలుతుంది?

"పొగ దేంట్ల ఏస్తున్నవ్ అక్కా?"

"కుంపట్ల. ఆయనకు చలి అని పొద్దంత బొగ్గులు ఆరనిస్తలేను."

"బావ యాడున్నడు?"

"లోపల్నే పండుకున్నడు."

షాపు తెరిచింది తెరిచినట్టే వదిలేసి ఆమెతో ఉరికాను. మూసిన గదిలో బొగ్గు మండితే పుట్టే విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. ముందు తల నొస్తుంది. తర్వాత లేనివి కనిపిస్తాయి. ఆ తర్వాత మనిషి లేవడు. బయటి గాలి తగిలితే తలనొప్పి తగ్గుతుంది. ఇదంతా నేను చదువుకున్నదే.

కిటికీ సందుల నిండా చీరపేలికలు కుక్కి ఉన్నాయి. లోపల గుగ్గిలం వాసన, ఎర్రటి బొగ్గులు, మంచం మీద కదలని మనిషి. ముందు మంచం కాళ్ల దగ్గర ఎవరైనా ఉన్నారా అని చూశాను. అంత భయంలోనూ చూశాను.

ఇద్దరం కలిసి ఆయనను వాకిట్లోకి లాగాం. దవాఖానలో ఆక్సిజన్ పెట్టాక కోలుకున్నాడు. కాని ఆ మధ్యాహ్నం అంబులెన్స్ రాకముందు, ఆమె లోపలికి వెళ్లి కిటికీ రెక్కలు లాగుతుంటే, ఆ చప్పుడుకు ఆయన పెదవులు కదిలాయి. కళ్లు తెరవలేదు, పక్కన ఉన్నది నేనని తెలియదు.

"కిటికీ తెరువకు," అన్నాడు. "చలిగాలికే తల నొస్తదట. అన్ని మూసుకొని పండుమని మందుల షాపామె చెప్పింది."

చెప్పాను. మొదటి రోజే, ఏమీ అడగకుండా చెప్పాను.