మంటలార్పే పని కోసం మన్ననూరు అడవికి

హుజూర్‌నగర్ దగ్గరి మా ఊళ్లో రజాకార్లు మా ఇల్లు తగలబెట్టినప్పటి నుంచి మేము మా మేనమామ పశువుల కొట్టంలోనే ఉంటున్నాం. పోలీసు యాక్షన్ అయిపోయినా ఇల్లు లేవలేదు. ఈ ఫాల్గుణంలో ఒక కబురు వచ్చింది. మన్ననూరు అడవిలో మంటలార్పడం నేర్పుతారట, బాగా నేర్చుకున్నవాడికి అడవి కావలి పని, ఉండటానికి ఒక గుడిసె ఇస్తారట. వంటకు మనిషిని వెంట తెచ్చుకోవాలన్నారు కాబట్టి మా ఆయనతో నేనూ బయలుదేరాను. నాకు కావలసింది ఆ గుడిసె.

కోడి కూయకముందే బండిలో మిర్యాలగూడ చేరితేనే దేవరకొండ బస్సు దొరుకుతుంది. అక్కడి నుంచి డిండి మీదుగా అచ్చంపేటకు ఇంకో బస్సు. రెండింటికీ కలిపి మనిషికి రెండు హాలీ రూపాయలు, అదే నిజాం సిక్కాలు, కిరాయి. దేవరకొండలో మిలటరీవాళ్లు మూటలు విప్పించి చూశారు. సద్దిమూటలోని జొన్నరొట్టెలను కూడా తుపాకీ మొనతో విడదీశారు. ఆ రొట్టెలు మళ్లీ మూట కట్టుకోబుద్ధి కాలేదు.

"ఏడికి బిడ్డా?" అన్నాడు రెండో బస్సు డ్రైవరు. నేను తల వంచుకున్నాను. మా ఆయనే చెప్పాడు: "అడివిల మంటలార్పుడు నేర్సుకొనీకి పోతున్నమే."

డ్రైవరు నవ్వాడు. "ఊళ్లు కాలినప్పుడు ఒక్కడు రాకపాయె. ఇప్పుడు ఆకులు కాలుతయని ఫికరైందా సర్కారుకు?"

బస్సులో ఎవరూ నవ్వలేదు.

అచ్చంపేట నుంచి మన్ననూరుకు కొండ ఘాటెక్కాలి. ఎద్దులబండి పొద్దుగూకేదాకా ఎక్కుతూనే ఉంది. మా బస అడవి అంచున ఉన్న ఒక చిన్న పల్లెలో. వంటచోట ఎల్లవ్వ అనే ముసలామె నాకు తోడుగా ఉండేది. ఆమె గుడిసె పక్కనే.

మరునాటి నుంచి నేర్పడం మొదలైంది. ఎండుటాకులు ఊడ్చి నేల బయటపడేట్టు వెడల్పుగా బాట చేయాలి, మంటకు తినడానికి ఏమీ దొరకకూడదు. పచ్చి కొమ్మలతో పక్కల నుంచి కొట్టాలి కాని ఎదురుగా నిలబడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కడే హుకుం ఇవ్వాలి, మిగిలినవాళ్లు మారుమాట్లాడకుండా వినాలి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరిలో చురుకైనవాడని ఆ హుకుం ఇచ్చే పని మా ఆయనకు అప్పగించాడు, మాకు నేర్పే అడవి సారు. ఆ రాత్రి ఎల్లవ్వ గుడిసెను నేను లోపలా బయటా చూసుకున్నాను. మాకూ అట్లాంటిదే ఇస్తారనుకున్నాను.

ఆఖరి రోజు పరీక్ష. వాలులో ఎండుగడ్డికి నిప్పు పెట్టి, డప్పు కొట్టి, కింద పల్లెవాళ్లను పిలవాలి. వాళ్లు కొమ్మలతో, నీళ్లకుండలతో రావాలి. ఆ ముందురోజు నేను ఎల్లవ్వను అడిగాను, డప్పు వినబడితే ఏం చేస్తారని.

"ఏంజేస్తం? ఉరుకుతం. మొదలు డప్పు మోగిందంటె రజాకార్లొచ్చిండ్రని. తర్వాత మోగిందంటె మిలట్రీ వచ్చిందని. గా సప్పుడుకు ఉరుకుడే తెల్సు మా కాళ్లకు."

మా ఆయనతో చెప్పాను. ఆయన పొద్దున్నే సారుతో చెప్పాడు, పల్లెకు ముందుగా కబురు పెడదామని.

"చెప్పి కొడితే అది పరీక్ష ఎట్లవుతుంది? పల్లెలో ఎవరికీ చెప్పొద్దు," అన్నాడు సారు. "ఇంతకీ ఇక్కడ హుకుం నాదా, నీ ఇంటిదానిదా?"

అందరూ నవ్వారు. మా ఆయన పచ్చికొమ్మ విరుచుకుని వాలెక్కాడు.

గడ్డి అంటుకుంది. డప్పు మోగింది. పల్లెలో తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని, కోళ్లను బుట్టలో కుక్కుకుని, మంట వైపు కాదు, అవతలి వాగులోకి పరుగెత్తారు. ఎల్లవ్వ నా చెయ్యి పట్టి లాగింది. అది పరీక్ష అని నాకు తెలుసు. అయినా నా కాళ్లు పరుగెత్తాయి. వాగులో పడుకుని ఊపిరి బిగబట్టాక గాని నేనేం చేశానో నాకే అర్థం కాలేదు.

ఇంతలో గాలి తిరిగింది. పైన ఉన్న నలుగురైదుగురు ఎంత కొట్టినా మంట ఊడ్చిన బాట దాటింది. మనుషులు లేని పల్లెలో కొన్ని గుడిసెలు కాలిపోయాయి. మొదటిది ఎల్లవ్వది.

బూడిద ముందు నిలబడి ఆమె మా ఆయనను అడిగింది: "మమ్ముల సాయానికి పిలిశిండ్రా కొడుకా? జర ముందుగాల చెప్పరాదా?"

ఆయన సారు వైపు చూశాడు. సారు, మనుషులను కూడగట్టలేనివాడికి కావలి పని ఇవ్వడం కుదరదన్నాడు.

తిరిగి అదే ఘాటు, అవే బస్సులు. మంట ఎట్లా పాకుతుందో, ఎక్కడ ఆగుతుందో సారుకు బాగా తెలుసు. భయం మనుషుల్లో ఎట్లా పాకిందో ఆయనకు అక్కర్లేకపోయింది. మేము మళ్లీ కొట్టంలోనే ఉన్నాం. ఎల్లవ్వకు ఆ కొట్టం కూడా లేదు.

మీలో ఎవరైనా ఎండాకాలంలో ఆ వైపు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి. డప్పు వినబడగానే ముందు తలెత్తి చూడండి. పొగ కనిపిస్తే పచ్చికొమ్మ విరుచుకుని వెళ్లండి. ఊళ్లోకి వచ్చే బాట మీద దుమ్ము కనిపిస్తే మాత్రం ఇంకేమీ ఆలోచించకండి, పరుగెత్తండి.