అవ్వ మడి కట్టుకోకముందు

మొన్న మా ఇంటికి ఫిజియోథెరపీ చేయడానికి ఒక అమ్మాయి వచ్చింది. నా మనవరాలి ఈడు పిల్ల. నడుము కింద దిండ్లు పేర్చి, నన్ను బోర్లా పడుకోబెట్టి, అరచేతిని దొప్పలా ముడిచి వీపు మీద తడుతూ, "తాతగారూ, ఇది రోజూ చేయించుకోవాలి. ఇన్నేళ్లూ మీకెవరు తట్టారు?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. ఒక పేరు చెబితే సరిపోయేది. కానీ తల కిందికీ నడుము పైకీ ఉన్న మనిషికి జవాబులు త్వరగా రావు. నేనైతే ఆ జవాబు కోసం ఏకంగా ఆత్మకూరు దాకా వెళ్లి రావలసి వచ్చింది.

చిన్నప్పుడు ఉదయగిరిలో నాకు కోరింత దగ్గు వచ్చింది. మిగతా పిల్లలకు వచ్చి పోయింది, నాకు వచ్చి ఉండిపోయింది. ఊపిరితిత్తుల్లోని గొట్టాలు సాగి వదులైపోయాయనీ, వాటి అడుగున కఫం చేరుతోందనీ, బావిలో పూడిక తీసినట్టు రోజూ తీయకపోతే కుళ్లి జ్వరాలు వస్తాయనీ నెల్లూరు డాక్టరు చెప్పాడు. అంటుకునే జబ్బు కాదని కూడా చెప్పాడు కానీ, ఆ మాట ఆయన గది దాటి మా ఊరి దాకా రాలేదు. వైద్యం ఏమిటంటే, పొద్దునా సాయంత్రం మంచం పట్టె మీంచి ఒళ్లు కిందికి వేలాడేసి, మోచేతులు నేలకు ఆనించి పడుకోవాలి. ఒకరు వీపూ పక్కటెముకలూ తట్టాలి. కదిలిన కఫాన్ని దగ్గి, బూడిద పోసిన మూతడబ్బాలో ఉమ్మాలి. తట్టే పని మా నాయన తీసుకున్నాడు. గొర్రెలూ మెట్టచేనూ చూసుకునే మనిషి. గొర్రెలతో మాట్లాడినంత కూడా నాతో మాట్లాడేవాడు కాదు. "ఊ, వొంగు" అనేవాడు మొదట. "ఊ, లెయ్" అనేవాడు చివర. నడుమ అంతా చెయ్యే. అందుకే, నా వెన్ను తట్టినవాళ్లు లేరని ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదు. ఎక్కాలూ పద్యాలూ కూడా ఆ భంగిమలోనే బట్టీ పట్టాను కనుక, నా చదువంతా తలకిందుల తపస్సు వల్ల వచ్చిందని చెప్పుకున్నా తప్పులేదు.

పందొమ్మిది వందల యాభైల్లో ఆత్మకూరులో పంతులు ఉద్యోగం వచ్చింది. బజారు వీధిలో కిరాణా కొట్టు నడిపే శెట్టిగారి ఇంటి వెనక, పెరట్లో బావి పక్కన, ఒక గది బాడుగకు తీసుకున్నాను. నాయన ఉదయగిరిలో ఉండిపోయాడు, గొర్రెలు బదిలీ కావు గదా. మంచానికి వేలాడటం ఒంటరివాడికీ చేతనవుతుంది. తన వీపు తాను తట్టుకోవడం మాత్రం దేవుడు మనిషికి నేర్పని విద్య. భుజం మీంచి గరిటెతో కొట్టుకున్నాను. గోడకేసి వీపు బాదుకున్నాను. సున్నం రాలింది, కఫం రాలలేదు. దగ్గు వస్తే దిండులో మొహం దాచుకునేవాణ్ణి. ఎందుకంటే ఆ రోజుల్లో విడవకుండా దగ్గేవాడంటే క్షయ ఉన్నవాడే. ఆ పేరు ఒకసారి పడిందా, ఈ గది పోతుంది, ఇంకో గది దొరకదు, తల్లిదండ్రులు పిల్లల్ని నా తరగతికి పంపరు. అలాగని కఫం లోపలే ఉంచుకుంటే ఒళ్లు వెచ్చబడేది, ఊపిరి పిల్లనగ్రోవిలా పలికేది. సాయంత్రం బడి వదిలాక మళ్లీ పొద్దున గంట కొట్టేదాకా నన్ను పలకరించే మనిషి ఉండేవాడు కాదు. నా దగ్గు చప్పుడే నాకు తోడు, దాన్నీ దిండు కింద నొక్కిపెట్టాలి.

శెట్టిగారి తల్లి వితంతువు. ఆమె మడి సంగతి బజారంతా తెలుసు. చీకటితోనే బావి దగ్గర నీళ్లు పోసుకుని తడిబట్ట చుట్టుకుందంటే, ఇక మనవళ్లు కూడా గోడను కరుచుకుని నడవాలి. పగలంతా వెనక అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉండేది. ఒకనాడు తెల్లవారుజామున గాలాడక తలుపు తీసిపెట్టి వేలాడుతున్నాను. ఆమె బావికి వస్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఏందిరా అబ్బయా, గబ్బిలం మాదిరి యేలాడతా ఉండావు?"

తలకిందులుగానే నా కథంతా చెప్పాను. విని, "అయితే తట్టేదానికి ఎవురూ లేరా?" అంది.

"లేరవ్వా."

"యాడ తట్టాల?"

"మీకు మడి గదవ్వా!"

"నీళ్లు పోసుకున్నాక గదరా మడి. ఇప్పుడు నేను ఎవుర్నయినా ముట్టుకోవచ్చు. ఎట్టాగూ పోసుకునే నీళ్లే. వొంగు."

సజ్జరొట్టెలు తట్టి తట్టి గట్టిపడిన చెయ్యి అది. మొదట రెండు దెబ్బలకు ప్రాణం పోయిందనుకున్నాను. చెయ్యి దొప్ప చేయాలని చెప్పాను. మూడో దెబ్బకు, ఎన్నో వారాలుగా కదలని కఫం కదిలింది. అప్పటినుంచి రోజూ ఆ వేళకు వచ్చేది. నాయన మాటలన్నీ మిగిల్చి చెయ్యి మాత్రమే ఇచ్చాడు. అవ్వ రెండూ ఇచ్చేది. పెళ్లయి కలువాయి నుంచి వచ్చిన సంగతి, పోయిన బిడ్డల సంగతి, కోడలు చారులో ఉప్పు మరిచిన సంగతి, అన్నీ నా వీపుతో చెప్పుకునేది. నేను ఊ కొట్టలేను గనుక దగ్గేవాణ్ణి. అది ఆమెకు సరిపోయేది.

ఒకరోజు శెట్టిగారికి ముందే మెలకువ వచ్చింది. "రొట్టెల సద్దు ఇనపడతా ఉండాది, పొయ్యి పొగ రాదేందబ్బా" అనుకుంటూ ఆకలితో పెరట్లోకి వచ్చాడు. చూస్తే, మంచానికి వేలాడే పంతులు, పక్కన ఉమ్మిన డబ్బా, ఆ పంతులు వీపు మీద తన తల్లి చెయ్యి.

"అమ్మా! యేం జేస్తా ఉండావు?"

"కానరావడంలా? కఫం దీస్తా ఉండా."

"క్షయ గదమ్మా అది! అయ్యోరా, మీరు ఇయ్యాళే గది ఖాళీ జెయ్యండి. పిల్లలుండే ఇల్లు."

నేను జవాబు చెప్పాలి. దగ్గు నడుమ ఉన్నాను, మాటకు చాలినంత ఊపిరి లేదు. అవ్వ చెయ్యి మాత్రం ఆగలేదు.

"అంటుకునేది కాదని డాక్టరు చెప్పినాడంట."

"వాళ్లు అట్టనే చెప్తారు."

"అంటుకుంటే ఈపాటికి నాకు అంటుకోని ఉంటాది. మీ నాయన పొయ్యిన కాణ్ణించి ఈ ఇంట్లో నన్ను ముట్టుకునింది ఎవుర్రా? మడి మడి అని మీరు జరిగినారు, నేనూ జరిగినా. ఇన్నాళ్లకి ఈ చేతికొక పని దొరికినాది. ఈ అబ్బయ్యని పంపిస్తే, అదే బండ్లో నన్నూ ఎక్కించు."

శెట్టిగారు సున్నం రాలిన గోడ వైపు చూసి, "ఆ సున్నం మాత్రం మీరే కొట్టించాల అయ్యోరా" అని వెళ్లిపోయాడు.

గది నిలిచింది. కానీ ఆ ఇంట్లో అవ్వ చెంబూ కంచమూ వేరయ్యాయి. మడి లేని వేళ కూడా కోడలు పిల్లల్ని ఆ అరుగెక్కనిచ్చేది కాదు. నేను బాధపడితే అవ్వ నవ్వింది. "ఇన్నాళ్లూ నేను వాళ్లని ముట్టుకోలేదు, ఇప్పుడు వాళ్లు నన్ను ముట్టుకోరు. చెల్లుకు చెల్లు." చెయ్యి మాత్రం ఆ రోజు మామూలు కన్నా ఎక్కువసేపు నా వీపు మీదే ఉంది.

కొన్నాళ్లకు ఉదయగిరికి బదిలీ అయింది. మర్నాడు పొద్దునే చేరాలని ఉత్తర్వు. ఆ సాయంత్రం బస్సుకే బయలుదేరాలి. పెట్టె సర్దుకుని అరుగు దగ్గరికి వెళ్లాను. అవ్వ మడిబట్టతో కూర్చుని ఉంది. కాళ్లకు దండం పెట్టబోయాను.

"ఆగాగు, ముట్టుకోబాకు. రేపు పొద్దన్నే రా, నీళ్లు పోసుకోకముందు."

"ఇప్పుడే బస్సవ్వా."

ఆమె తన అరచెయ్యి వైపు ఒకసారి చూసుకుంది. "సరే, ఆణ్ణించే పెట్టుకో. మీ నాయనతో చెప్పు, ఎడమపక్క కింద యెముకల కాడ బాగా తట్టమని. ఆడ్నే చేరతాది నీకు."

దూరం నుంచే దండం పెట్టి బస్సెక్కాను. వేసవి సెలవులకు ఆత్మకూరు వెళ్లేసరికి అవ్వ అరుగు మీద మిరపకాయలు ఎండుతున్నాయి. అవ్వ పోయి నెల దాటిందని శెట్టిగారు చెప్పాడు. మనుషులు ఒకరికొకరు అందే వేళ రోజులో కాసేపే ఉంటుందని బస్సెక్కిన ఆ సాయంత్రం నాకు తోచలేదు. తోచేసరికి కాలం నీళ్లు పోసుకుని, మడి కట్టుకుని కూర్చుంది.